నిండిందన్న బోర్డు వెనక

ఈ పూట మీ కూరలో పడ్డ కారం ఎన్ని చేతులు మారి మీ ఇంటికి వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? ఆ చేతుల్లో మిరపకాయ మంట తెలిసినవి ఎన్ని?

నాకు ఆ మంట ఒక్క పూట తెలుసు. టేకులపల్లి దాటి అడవిలోకి పోయే దారిలో ఒక కోయగూడెం ఉంది. చాలా ఏళ్ల కిందట పాల్వంచలో పంతులు ఉద్యోగం చేస్తూ, ఆదివారాలు అక్కడ పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పేవాణ్ణి. ఒక ఆదివారం బడికి ఎవరూ రాలేదు. అందరూ మిరపచేలో ఉన్నారు. నేనూ చేలోకి దిగి గంటసేపు కాయ ఏరాను. వేళ్లు భగ్గుమన్నాయి. తెలియక ఆ చేత్తోనే కళ్లు తుడుచుకున్నాను. ఆడవాళ్లు పడీపడీ నవ్వారు.

"సారూ, గది అక్షరం గాదు మీరు దిద్దనీకి. అదే మిమ్మల్ని దిద్దుతది" అంటూ ఒకామె నా చేతుల మీద మజ్జిగ పోసింది. నా బడిలో అందరికంటే ముందు సంతకం నేర్చుకున్నది ఆమే. అప్పటికి కొత్తగా పెళ్లయి వచ్చింది. ఈ కథ ఆమెది. కథ అంటున్నానుగానీ నా కళ్ల ముందు జరిగింది. సగం నా వల్లనే జరిగింది.

అక్షరాలతో పాటు నేను ఆ గూడేనికి హేతువాదం కూడా మోసుకెళ్లాను. నిమ్మకాయలో రక్తం ఎలా వస్తుందో చేసి చూపించాను. చేతబడి ఉందన్నవాణ్ణి పదిమందిలో నిలదీశాను. అక్కడ కొత్తల పండుగ అని ఒకటుంది. చిక్కుడైనా మామిడైనా సరే, ఊరంతా కలిసి కొత్త పెట్టుకునే దాకా ఎవరూ ఒక్క కాయ నోట్లో పెట్టరు. ఇది మూఢనమ్మకం కాదా అని ఆమెను అడిగాను. "ఒక్కడు ముందే తింటే ఏమవుతుంది? కళ్లు పోతాయా?"

"కండ్లెందుకు పోతయ్ సారూ? ఒక్కడు ముందు తింటే ఎనకోడు గూడ కోస్తడు. వాని ఎనకోడు పిందె కోస్తడు. ఇగ పండేదాకా చెట్టు మీద ఏముంటది?"

ఆమె దేవుడి పేరెత్తి ఉంటే వాదనలో ఓడించేవాణ్ణి. ఎత్తలేదు. నేను మాట మార్చాను.

ఇక నా సంగతి. రిటైరయ్యాక పాల్వంచ కాలనీలోనే ఉండిపోయాను. నా పక్కింటాయన షిఫ్టు ఉద్యోగం చేసి రిటైరైనవాడు. మెత్తని మనిషి. ఒక రోజు గోడ పక్కన నిలబడి, "మాస్టారూ, మన డబ్బు ఊరికే పడుకోకూడదండీ. దాన్ని కూడా డ్యూటీకి పంపాలి" అన్నాడు. కాలనీలో మరికొందరు కూడా ఆయన చేతికి ఇచ్చారు. నేనూ ఇచ్చాను. "ఎందులో పెడుతున్నారు?" అని ఒకసారి అడిగాను. "మిర్చిలో" అన్నాడు. బాగానే ఉందనుకున్నాను. మా జిల్లా పంట, మా రైతులు. ప్రతి నెలా మొదటి వారంలో కవరు తెచ్చి ఇచ్చేవాడు. రెండేళ్లు పుచ్చుకున్నాను. ఊరూరా తిరిగి "ప్రశ్నించండి, ప్రశ్నించండి" అని గొంతు చించుకున్న మనిషిని, ఆ కవరును మాత్రం రెండో ప్రశ్న అడగలేదు.

ఈ మధ్య ఒక ఎండాకాలం మొదట్లో, మిర్చి మార్కెట్టుకు వచ్చే రోజుల్లో ఇది జరిగింది.

ఖమ్మం మార్కెట్టులో పొద్దున్నే జెండా పాట పాడతారు. ఆ రోజు వచ్చిన సరుకులో మేలైన కుప్పకు పాడిన పై ధర అది. ఆ ధర ఆ కుప్పకు దక్కుతుంది. మిగతా సరుకంతా దాని కింద ఎక్కడో, వ్యాపారి దయ ఎంతుంటే అంతకు పోతుంది. కానీ ఫోన్లలో ఊళ్లకు చేరేది జెండా ధర ఒక్కటే. అడవి అంచు ఊళ్లలో అది చూసి ప్రతి రైతూ తన కళ్లంలోని కుప్పకు ఆ ధర కట్టేసుకుంటాడు. ఏటా మోసపోతాడు, ఏటా మళ్లీ బయల్దేరతాడు. నిన్నటికంటే జెండా పెరిగిందంటే చాలు, ఆ రోజు దారులన్నీ బండ్లే.

ఆమె కూడా అలాగే బయల్దేరింది. ఇరవై అయిదు సంచులు, కిరాయి వ్యాను, పక్కన భర్త. మార్కెట్టులో వ్యాపారి సంచిలోకి చెయ్యి పెట్టి "తేమ ఉంది" అని, జెండాలో సగానికి అడిగాడు. అక్కడి నుంచే నాకు ఫోను చేసింది.

"సారూ, సగానికి అడుగుతున్నరు. ఇయ్యాల్నా?"

ఆమె తొందర నాకు తెలుసు. పురుగుమందుల దుకాణపాయన సోమవారం దాకా గడువు పెట్టాడు. సోమవారం సంత. ఆ లోగా బాకీ కట్టకపోతే ఎడ్ల జతను తానే సంతకు తోలుకుపోతానన్నాడు. ఆ రోజు గురువారం.

"ఇవ్వొద్దు" అన్నాను, కుర్చీలో కూర్చుని, ఫ్యాను కింద. "తొందరపడి అమ్మేవాళ్లు ఉన్నారు కాబట్టే వాళ్లు సగానికి అడుగుతున్నారు. కోల్డ్ స్టోరేజీలో పెట్టు. వాళ్లిచ్చే రసీదు మీద బ్యాంకులో అప్పు పుడుతుంది. ఎడ్లూ నిలుస్తాయి, కాయా నిలుస్తుంది."

"అవ్, మీరన్నట్టే చేస్త" అంది.

శనివారం పొద్దున మళ్లీ ఫోను. రెండు రోజులుగా కోల్డ్ స్టోరేజీ గేటు ముందే ఉన్నారట. లోపల నిండిందని బోర్డు పెట్టారట. గొంతు మామూలుగానే ఉంది. చివర మాత్రం, "సారూ, మబ్బు పట్టింది" అంది.

ఎండిన మిరపకాయ మీద వాన పడితే ఏమవుతుందో ఈ జిల్లాలో చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఎరుపు పోయి తెల్లబడి తాలు అవుతుంది. తాలుకు జెండా ఉండదు. ఖమ్మం బస్సెక్కాను.

గేటు నుంచి రోడ్డు పొడవునా బండ్లు. కొన్నింటి మీద టార్పాలిన్ పరదాలు, కొన్నింటి మీద పాత చీరలు. ఆమెది తొమ్మిదో బండి. వ్యాను డ్రైవరు చెట్టు కింద పడుకుని, "ఇయ్యాల్టిది గూడ కిరాయి రాసుకుంటున్న, మల్ల లొల్లి పెట్టొద్దు" అని గుర్తుచేస్తున్నాడు. ఆమె భర్త నన్ను చూసి లేవలేదు.

"వచ్చిండు సారు. ఇగ సదువుతోని తలుపు తీస్తడు."

"నోరు మూయరాదూ" అంది ఆమె అతనితో. నాకు నీళ్ల సీసా అందించింది.

గేటు పక్కన కాటా ఉంది, అంటే సంచులు తూచే చోటు. అక్కడ కూర్చునే భాయ్ నాకు పాత స్నేహితుడు. వాళ్ల నాన్న కూడా కాటా దగ్గరే జీవితం గడిపాడు. భాయ్ నా హేతువాద సభలకు వచ్చి, ముందు వరసలో కూర్చుని, దేవుడున్నాడని నాతో తగువు పెట్టుకునేవాడు. తరవాత ఇద్దరం కలిసి టీ తాగేవాళ్లం.

"అరే, మాస్టర్ సాబ్! దేవుడు లేడని చెప్పనీకి గిక్కడిదాకా వచ్చిన్రా? లోపల జాగ గూడ లేదంటున్నరు. నమ్మకున్రి" అన్నాడు. మొదట నవ్వాడు, తరవాత నవ్వలేదు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "కండ్లతోని చూడంది మీరు నమ్మరు గదా. జల్దీ రాండ్రి" అన్నాడు.

పక్క తలుపు నుంచి లోపలికి తీసుకెళ్లాడు. ఒక గది దాటాం, అందులో నిజంగానే సంచులు పైకప్పు దాకా ఉన్నాయి. ఘాటుకు దగ్గొచ్చింది. రెండో గది తలుపు లాగాడు. చలి ముఖాన కొట్టింది. లైటు వేశాడు. వరసలు వరసలుగా ఖాళీ చట్రాలు. ఒక్క సంచి లేదు. బయట ఎండకు కాగి మబ్బుకు వణుకుతున్న బండ్లు. లోపల ఎవరూ లేని చల్లదనం. మా ఇద్దరి ఊపిరి మాత్రం పొగలా కనబడుతోంది.

"నిండిందన్నారు కదా?"

"నిండింది సాబ్. కాగితాలతోని."

విషయం ఇది. కోతలకు ముందే కొందరు సంచికి ఇంత అని అడ్వాన్సు కట్టి లోపల చోటు పట్టేస్తారు. వాళ్లకు చేను ఉండదు, కాయ ఉండదు, వ్యాపారం కూడా ఉండదు. చేతిలో స్లిప్పు ఉంటుంది. కోతలు ముదిరి బండ్లు గేటు ముందు ఆగినప్పుడు ఆ స్లిప్పులు ఫోన్లలోనే ఒకరి నుంచి ఒకరికి అమ్ముడుపోతాయి. పొద్దున ఒక రేటు, మధ్యాహ్నం ఒక రేటు. స్టోరేజీ యజమానికి అడ్వాన్సు వచ్చేసింది, గది నిండితే ఏంటి, ఖాళీగా ఉంటే ఏంటి.

"ఒక్క స్లిప్పు పొద్దుగాల్నుంచి నాలుగు చేతులు మారింది సాబ్" అన్నాడు భాయ్. "నలుగురికీ లాభమే. సంచి మాత్రం గేటు కాడ్నే ఉంది. మా అబ్బాజాన్ కాలం నుంచి తూస్తున్నం. గింత లాభం తెచ్చిన సరుకు నా కాటా మీదికి ఒక్కసారి గూడ రాలె."

"ఎవరు వీళ్లు?"

"ఎవరంటే ఏం చెప్పను? ఊరికొకరు. మీ పాల్వంచ నుంచి గూడ ఒకాయన. రిటైరైన సార్ల పైసలు జమచేస్తడంట. మెత్తగ మాట్లాడ్తడు." భాయ్ గొంతు మార్చి, చేతులు కట్టుకుని అనుకరించాడు: "'డబ్బు ఊరికే పడుకోకూడదండీ. దాన్ని కూడా డ్యూటీకి పంపాలి.'"

నా డబ్బు చేసే డ్యూటీ ఏమిటో అప్పుడు చూశాను. అది ఆ ఖాళీ గదికి కాపలా కాస్తోంది. నేను ఫ్యాను కింద కూర్చుని ఆమెకు చెప్పిన సలహాకూ, గేటు దగ్గర ఆమెను ఆపిన బోర్డుకూ ఒకే మనిషి బాధ్యుడు.

బయటికొచ్చి పక్కింటాయనకు ఫోను చేశాను.

"మాస్టారూ! మంచి టైంలో చేశారు. మబ్బు చూశారా?" గొంతులో ఉత్సాహం.

"చూశాను."

"మనకే మంచిదండీ. నాలుగు చినుకులు పడనివ్వండి, స్లిప్పు మూడింతలకు పోతుంది. వాళ్లే కాళ్ల దగ్గరికి వస్తారు."

"నేను ఆ వాళ్ల పక్కనే నిలబడి ఉన్నాను."

"మీరక్కడ ఎందుకున్నారు?"

"నా డబ్బుకు వచ్చే స్లిప్పులు నాకు పంపండి. ఇప్పుడే."

"ఆవేశపడకండి. మనం వదిలితే ఇంకొకడు పట్టుకుంటాడు. మీరు హేతువాదులు కదా, లెక్క చూసుకోండి."

"లెక్కే చూశాను. వాన పడితే మీకు లాభం, వీళ్లకు తాలు. మీ లాభంలో వీళ్ల నష్టం కానిది ఒక్క రూపాయి చూపించండి, ఫోను పెట్టేస్తాను."

ఆయన చూపించలేదు. నేనూ పెట్టలేదు. రేపు కాలనీలో అందరినీ పిలిచి ఇదే ప్రశ్న అడుగుతానన్నాక, విసుక్కుంటూ పంపాడు. నా వాటాకు రెండు వందల సంచుల చోటు వచ్చింది.

ఒక మాట ఇక్కడే చెప్పేయాలి. నేను వ్యాపారానికి శత్రువును కాను. రైతు దగ్గర కొని, బాగు చేసి, మోసుకెళ్లి, రైలెక్కించి అమ్మేవాడు పని చేస్తున్నాడు. రేపటి ధర ఊహించడమూ పాపం కాదు, రైతు అది ఊహించే విత్తనం చల్లుతాడు. ఈ కాగితాల ఆట అది కాదు. మామిడికొమ్మ మీద బదనిక చూశారా? దానికి వేరు నేలలో ఉండదు, కొమ్మలో ఉంటుంది. దాని ఆకులు మామిడాకుల కన్నా పచ్చగా ఉంటాయి. దూరం నుంచి చూసినవాడు చెట్టు ఎంత ఏపుగా ఉందో అనుకుంటాడు. స్లిప్పు రేటు పెరిగిందని సంబరపడేవాళ్లు చూస్తున్నది ఆ పచ్చదనాన్నే.

ఆమె దగ్గరికి పరుగెత్తాను. "చోటు దొరికింది. బండి ముందుకు తీయించు."

భర్త ఎగిరి లేచాడు. డ్రైవరు తాళం తిప్పాడు. ఆమె మాత్రం బండికి అడ్డంగా నిలబడింది.

"ఎవరికి దొరికింది? మా ఒక్కరికేనా?"

"రెండు వందల సంచులకు."

"మాకంటే ముందు ఎనిమిది బండ్లున్నయ్ సారూ."

"నీకేమన్న పిచ్చా?" భర్త అరిచాడు. "సోమవారం ఎడ్లు పోతయే! సారు నీకు తెచ్చిండు, ఊరికి తెచ్చిండా?"

"ఎడ్ల సంగతి నాకు తెల్వదా? వాటికి కుడితి పెట్టేది నువ్వా నేనా?" ఆమె ముందున్న బండ్ల వైపు చెయ్యి చూపింది. "గీ ముందున్నోళ్లు ఎవరు? రేపు సంతల కలిసేటోళ్లే. వాళ్లను దాటి పోతే నన్ను చూసి ఎనకోడు దాటుతడు. గేటు కాడ తన్నుకుంటరు. అప్పుడు నీ బండి పోతదా, నా బండి పోతదా?"

ఏళ్ల కిందట నేను మాట మార్చి తప్పించుకున్న జవాబు అది. ఈసారి తప్పించుకోలేదు, భాయ్‌ని పిలిచాను. కొత్తల పండుగలో దేవుడు ఉన్నాడని నేను ఈనాటికీ ఒప్పుకోను. అందులో ఉన్నది వరస. ఎవడూ పిందె కోయకుండా ఊరు తనకు తాను పెట్టుకున్న కట్టడి. చదువుకున్న మా కాలనీలో అలాంటి కట్టడి ఒక్కటీ లేదు. మేము పూత మీదనే పడ్డాం.

భాయ్ వచ్చి వరసలో మొదటి బండి నుంచి సంచులు లెక్కపెట్టాడు. స్లిప్పులున్న నా ఫోను ఆయన చేతిలో పెట్టాను. ఒక్కో బండి కాటా ఎక్కి దిగుతోంది. హమాలీలు పరుగులు పెడుతున్నారు. భర్తకు ఒకటే పని. పైకి చూడడం, బండ్లు లెక్కపెట్టడం, మళ్లీ పైకి చూడడం. ఇంకా నాలుగు. ఇంకా రెండు. గాలి లేచింది. ఎర్రదుమ్ము, కారం ఘాటు, అందరికీ దగ్గు. ఎనిమిదో బండి దిగేసరికి భాయ్ నా వైపు చూసి, రెండు చేతుల వేళ్లూ విప్పి చూపించాడు.

మిగిలింది పది సంచుల చోటు. ఆమెవి ఇరవై అయిదు.

పదీ లోపలికి వెళ్లాయి. మిగతా పదిహేనింటి మీద పరదా లాగుతుండగా వాన దిగింది. వడగండ్లతో కలిపి. పరదా ఒక మూల గాలికి లేచిపోతే, ఆమె సంచుల మీదికి ఎక్కి ఆ మూల మీద కూర్చుంది. భర్త రెండో మూల పట్టుకున్నాడు. నేను మూడోది పట్టుకున్నాను. నాలుగోది పట్టుకోవడానికి మనిషి లేడు. అటు నుంచే నీళ్లు పోయాయి. వెనక బండ్లలో ఎవరో ఏడుస్తున్నారు. మాకు పాతిక అడుగుల దూరంలో, గోడ అవతల, ఆ గదిలో ఇంకా సగానికి పైగా ఖాళీ ఉంది. దానికి మాత్రం ఒక్క చుక్క తగల్లేదు.

సోమవారం పొద్దున బ్యాంకు తెరవగానే పది సంచుల రసీదు మీద పుట్టిన అప్పు దుకాణం బాకీలో సగానికి కూడా రాలేదు. తడిసిన కాయను తాలు కింద, వచ్చిన ధరకు అమ్మేసింది. మిగిలిన దానికి నేను డబ్బిస్తానంటే తీసుకోలేదు. "గవి ఎక్కడియి సారూ, కవరువేనా?" అని అడిగింది. అప్పటికి ఆమెకు అంతా చెప్పేశాను. సోమవారం సంతకు జత పోలేదు, ఒక ఎద్దు పోయింది. తొలకరికి ఆమె ఇంటి ఒంటెద్దును పక్కింటివాళ్ల ఒంటెద్దుతో కట్టి రెండు చేలూ వంతులవారీగా దున్నుకున్నారు. పొడుగు పొట్టి జత, కాడి ఒక వైపు వాలేది. ఆమె భర్త నన్ను చూసి, "దున్నుతవా సారూ? మంట ఉండదు గిందులో" అన్నాడు. నవ్వాడో తిట్టాడో తేల్చుకోలేకపోయాను. రెండూ అయ్యుంటాయి.

నేను పక్కింటాయన దగ్గర నుంచి నా డబ్బు వెనక్కి తీసుకున్నాను. అన్నట్టుగానే కాలనీలో అందరినీ కూర్చోబెట్టి ఆ గది సంగతి చెప్పాను. ఇద్దరు తమ డబ్బు అడిగి తీసుకున్నారు. మిగతావాళ్లు "మనకెందుకు మాస్టారూ, నెలనెలా వస్తోంది కదా" అన్నారు. గోడ పక్కన పలకరింపులు ఆగిపోయాయి.

మీకూ ఎక్కడో ఒక కవరు వస్తూ ఉంటుంది. చేతికి కాకపోతే ఫోనులోకి. ఆ డబ్బు ఏ పని చేసి వచ్చిందో మీకు తెలియదు, నాకు తెలియనట్టే. ఈ వారం దాటకుండా మీ డబ్బు పెట్టినవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి అడగండి: దీంతో ఎవరు ఏం పండించారు, ఏం చేశారు, ఏం మోశారు? పేరు పెట్టి చెప్పమనండి. నీళ్లు నమిలితే అక్కడికక్కడే డబ్బు వెనక్కి తీసుకోండి. మీ ఊళ్లో నిండిందన్న బోర్డు కనబడితే, పదిమందిని వెంటేసుకుని వెళ్లి, ఆ తలుపు తెరిపించి చూడండి. మబ్బు పట్టక ముందే వెళ్లండి.